కంప్యూటరు వలలు - రద్దీని నియమించు విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన యీ శుభసమయమున నన్నొక ప్రసంగము చేయుమని పాలకవర్గము వారు కోరిరి. నేను భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో చెప్పుదునని పలువురు తలంచియుందురు. కాని నేడు మన యూరినుండియు, చుట్టుపట్ల గ్రామములనుండియు పై చదువులకు పోవు పిల్లలలో పెక్కుమంది కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. తల్లిదండ్రులు ఫీజు కట్టుచున్నారు. పిల్లలు పట్టము తెచ్చుకొనుచున్నారు. ఆ చదువులో నున్నదేమని అడిగినచో చెప్పగలవారు మనలో అరుదు. ఇంటిలోని బిడ్డ యేమి నేర్చుచున్నదో యెఱుగని యిల్లు ఆ బిడ్డకు సగము దూరమైనట్లే. ఆ దూరమును కొంత తగ్గింపవలెనని యీ విషయమును ఎన్నుకొంటిని.

నాకేమి అధికారమున్నదని మీరడుగవచ్చును. కరణీకములు 1984లోనే రద్దయినవి గాని, లెక్క వ్రాయు అలవాటు మా యింట పోలేదు. నేను గ్రామమున పద్దులు వ్రాసి జీవించువాడను. మా మేనకోడలు కాకినాడలో చదువుకొన్న నాలుగేండ్లును సెలవులకు వచ్చినప్పుడెల్ల ఆమె పుస్తకములను తిరుగవేసితిని. అర్థము కాని తావుల నామెనే అడిగితిని. అందులో 'కంప్యూటర్ నెట్‌వర్క్సు' అను పాఠమొకటి నన్ను పట్టి కూర్చుండబెట్టినది. ఏలయనగా అది మొదటినుండి చివరివరకు ఇచ్చుట, పుచ్చుకొనుట, రసీదు, బాకీ, వంతు - వీనిని గూర్చిన శాస్త్రము. ఇవి లెక్కలవానికి క్రొత్త మాటలు కావు. కాలువ క్రింద సేద్యము చేయువారికిని క్రొత్త మాటలు కావు.

మొదట వల అన నేమో చూతము. వెనుకటి టెలిఫోనులో ఇద్దఱు మాటలాడినంతసేపు వారి నడుమ నొక దారి వారికే ప్రత్యేకింపబడెడిది. వారు మౌనముగా నున్నను ఆ దారి యింకొకరికి లేదు. 1960వ దశాబ్దియందు అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ అనువారు వేఱువేఱుగా నొకే యుపాయమును కనుగొనిరి. వార్తను చిన్నచిన్న తునుకలు చేసి, ప్రతి తునుకపైనను చేరవలసిన చిరునామా వ్రాసి, అందఱి తునుకలను ఒకే బాటమీద కలిపి నడిపింపవచ్చునని వారి తలంపు. ఆ తునుకకు డేవీస్ 'ప్యాకెట్టు' అని పేరు పెట్టెను. కూడలి కూడలి యందును 'రౌటరు' అను యంత్రముండి, చిరునామా చూచి, ఏ బాటను పంపవలెనో నిర్ణయించి ముందుకు త్రోయును. బాట యెవరి సొత్తును గాదు, అందఱిదియు నగును.

గ్రంథాలయోద్యమము నెఱిగినవారికి ఇది వింతగా తోపదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. పాఠకుడు పుస్తకమును వెదకికొని పట్టణమునకు పోనక్కఱలేక, పుస్తకమే పెట్టెలో కూర్చుండి, రేవు రేవునను ఆగుచు, పాఠకునికడకు వచ్చినది. ఆ కాలువపైననే వడ్ల పడవయు, కొబ్బరికాయల పడవయు, పెండ్లివారి పడవయు నడచెడివి. ఒక్క దారి, పలు సరకులు, ఎవరి గమ్యము వారిది. నేటి అంతర్జాలమునకు ఇంతకంటె చక్కని బొమ్మను నేను గీయలేను.

దారి యందఱిదైనప్పుడు రద్దీ తప్పదు. ముక్తేశ్వరము రేవున పంటుకొఱకు నిలిచినవారందఱును రద్దీ యన నేమో యెఱుగుదురు. ఈ నిరీక్షణకును ఒక గణితమున్నది. 1909లో కోపెన్‌హేగను నగరపు ఎర్లాంగ్ అను పండితుడు టెలిఫోను పిలుపులను లెక్కించుచు దీనికి పునాది వేసెను. 1961లో జాన్ లిటిల్ అనువాడు ఒక సూత్రమును నిరూపించెను. నిమిషమునకు సగటున నలుగురు చొప్పున రేవునకు వచ్చుచు, ఒక్కొక్కరు సగటున పదునైదు నిమిషములు నిలువవలసి వచ్చినచో, ఏ వేళ చూచినను గట్టున సగటున అఱువదిమంది యుందురు. నాలుగును పదునైదును హెచ్చించుటయే. ఇంత చిన్న లెక్క ఎంత పెద్ద వలకైనను వర్తించును.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి గలదు. రౌటరునకు ఒక ప్యాకెట్టును సాగనంపుటకు ఒక క్షణము పట్టుననుకొందము. ప్యాకెట్లు నియమము లేక, తోచినప్పుడు తోచినట్లు వచ్చుచుండగా, బాట సగము నిండియున్నచో ఒక్కొక్క ప్యాకెట్టు సగటున రెండు క్షణములలో బయటపడును. బాట నూటికి ఎనుబది పాళ్లు నిండినచో ఐదు క్షణములు. తొంబది పాళ్లు నిండినచో పది క్షణములు. తొంబదితొమ్మిది పాళ్లు నిండినచో నూరు క్షణములు పట్టును. పుస్తకములోని సరళమైన లెక్క యిది. ఎనుబదినుండి తొంబదికి పోవుట పది పాళ్లే గదా యని మనమనుకొందుము; కాని నిరీక్షణ రెట్టింపగును. కావున బాటను అంచులవరకు నింపుట పొదుపుగా కన్పట్టినను పొదుపు గాదు. కొంత ఖాళీ యుండుటయే బాటకు ప్రాణము.

ఇక రసీదు మాట. పంపినవాడు తన ప్యాకెట్టు చేరినదని యెట్లు తెలిసికొనును? పుచ్చుకొన్న కంప్యూటరు 'ముట్టినది' అని చిన్న రసీదు పంపును. నిర్ణీతకాలములో రసీదు రానిచో త్రోవలో పోయినదని యెంచి, పంపినవాడు మరల పంపును. ఒక్కొక్క ప్యాకెట్టు పంపి దాని రసీదుకై కూర్చున్నచో కాలమంతయు వ్యర్థమగును. అందుచేత, రసీదు రాకున్నను ఇన్ని ప్యాకెట్ల వరకు పంపవచ్చునని ఒక హద్దు పెట్టుకొందురు. దీనికి 'విండో' అని పేరు. మన యూరి కొట్టుకాడు ఖాతాదారునకు ఇంత మొత్తమువరకు అప్పిచ్చి, పాతబాకీ చెల్లినకొలది క్రొత్త సరకిచ్చుట యెట్టిదో ఇదియు నట్టిదే. హద్దు పెద్దదైనచో వ్యాపారము పెద్దది, ప్రమాదమును పెద్దదే. 1974లో వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇద్దఱు ప్రకటించిన యోజనయే పిమ్మట టి.సి.పి. అను పేర లోకమంతట వ్యాపించినది. 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఆర్పానెట్ అను వల యీ పద్ధతికి మాఱినది.

ఆ పద్ధతిలో పుచ్చుకొనువాని శక్తికి హద్దుండెను గాని, నడుమనున్న బాట శక్తికి హద్దు లేకపోయెను. దీనివలన ఉపద్రవము రాగలదని 1984లోనే జాన్ నేగిల్ అనునతడు హెచ్చరించి, దానికి 'రద్దీ వలని పతనము' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1986 అక్టోబరులో ఆ మాట నిజమైనది. కాలిఫోర్నియాలో లారెన్సు బర్కిలీ ప్రయోగశాలకును, బర్కిలీ విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము నాలుగువందల గజములు. నడుమ రెండే కూడళ్లు. ఆ చిన్న బాటమీద సెకనునకు 32,000 బిట్లు నడచుచుండగా, అది 40 బిట్లకు పడిపోయెను. ఎనిమిదివందల యెకరముల ఆయకట్టులో ఒక్క యెకరము తడిసినట్లు. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. అందఱును పంపుచునే యున్నారు. ఎవరికిని చేరుట లేదు.

కారణమేమి? ఇచ్చట కాలువకును వలకును ఒక భేదమున్నది. దానిని మన పిల్లలు గట్టిగా పట్టుకొనవలెను. కాలువలో గండి పడి పోయిన నీరు పోయినట్లే. దానిని మరల పంపుడని ఎవరును కోరలేరు. వలలో పోయిన ప్యాకెట్టును మరల పంపుదురు. రద్దీ హెచ్చినప్పుడు రౌటరులో చోటు చాలక ప్యాకెట్లు పాఱవేయబడును. రసీదు రాలేదని పంపినవారు అవే ప్యాకెట్లను మరల పంపుదురు. కొన్ని తావుల మొదటిది పోలేదు, ఆలస్యమైనది. అయినను రెండవ ప్రతియు బయలుదేఱును. పని పెరుగలేదు, బరువు పెరిగినది. బరువు పెరిగినకొలది నష్టము, నష్టము పెరిగినకొలది బరువు. ఒక్కొక్కడు తన మట్టుకు న్యాయమైన పనియే చేయుచున్నాడు. అందఱును కలసి బాటను చంపుచున్నారు.

దీనికి మందు కనుగొన్నవారు వాన్ జేకబ్‌సన్, మైకేల్ కారెల్స్ అనువారు. వారి వ్యాసము 1988లో వెలువడినది. మార్గము సులభము. రసీదు రాకపోవుటను 'మరల పంపుము' అను ఆజ్ఞగా మాత్రమే గాక, 'బాట నిండినది, తగ్గుము' అను సూచనగా గూడ గ్రహింపవలెను. క్రొత్తగా వచ్చినవాడు ఒక్క ప్యాకెట్టుతో ప్రారంభింపవలెను. రసీదులు సరిగా వచ్చినచో రెండు, నాలుగు, ఎనిమిది యని పెంచుకొనవచ్చును. కొంత మేరకు వచ్చినపిమ్మట విడతకొక్కటి చొప్పున మెల్లగా పెంచవలెను. నష్టము కనబడినతోడనే తన హద్దును సగమునకు తగ్గించుకొనవలెను. పెంచునప్పుడు కూడిక, తగ్గించునప్పుడు భాగహారము.

ఈ చిన్న నియమమువలన బాట బ్రదుకుటయే గాక న్యాయము గూడ కలుగుచున్నదని డా-మింగ్ చియు, రాజ్ జైన్ అను పండితులు 1989లో లెక్కవేసి చూపిరి. ఆ లెక్కను ఇచ్చటనే చేయుదము. బాట నూరు పాళ్లు మోయగలదు. ఒకడు ఇరువది, మరియొకడు ఎనుబది వాడుకొనుచున్నారు, భేదము అఱువది. బాట నిండినది, ఇద్దఱును సగమునకు తగ్గిరి: పది, నలువది, భేదము ముప్పది. మరల ఇద్దఱును సమానముగా పెంచుకొనుచు పోగా ఇరువదియైదేసి చేరి ముప్పదియైదు, అఱువదియైదు, బాట నిండెను. మరల సగము: పదునేడున్నర, ముప్పదిరెండున్నర; భేదము పదునైదు. మరల పెంపు: నలువదిరెండున్నర, ఏబదియేడున్నర. చూచితిరా! కూడినప్పుడు భేదము మాఱదు; సగము చేసినప్పుడు భేదమును సగమగును. ముందు వచ్చినవాడని గాని, పెద్దవాడని గాని చూడకయే, కొన్ని విడతలలో ఇద్దఱును యాబదికి చేరువ యగుదురు. వీరిద్దఱికిని పరస్పరము పరిచయము లేదు. ఒకడు ఐనవిల్లిలో, మరియొకడు కువైట్‌లో నుండవచ్చును. రసీదును గౌరవించుటయే వారి నడుమనున్న యొడంబడిక.

మధ్య డెల్టాలో బ్రదుకువారము గనుక మనకు దీని విలువ తెలియును. కాటన్ దొరగారి ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టవలన ధవళేశ్వరమున గోదావరి నిలిచినది; బొబ్బర్లంక తలుపులనుండి మన సీమకు నీరు దిగినది. ఆనాటినుండి మన తగవు ఒక్కటే: తలకట్టున నున్నవానికి నీరు పుష్కలము, శివారు రైతునకు కన్నీరు. దానికి మనవారు తూములు కట్టిరి, లాకులు పెట్టిరి, లస్కరును నియమించిరి. నీటి కఱవు వచ్చినప్పుడు వంతులు వేసిరి. వలలో లస్కరు లేడు. లోకమంతయు నల్లుకొన్న బాటలకు తాళపుచెవి యెవనిచేతను లేదు. ప్రతి రైతును తన తూమును తానే దింపుకొన్నట్లు, పంపువాడే తన చేతిని తాను వెనుకకు తీసికొనుచున్నాడు. అతడు అట్లు చేయుటవలననే శివారు పొలమునకు నీరందుచున్నది.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మజునకు రాజ్యముయొక్క పుట్టుకను చెప్పుచు, పూర్వకాలమున రాజు గాని దండనము గాని లేక, జనులు ధర్మమును పట్టియే ఒండొరులను కాపాడుకొనిరనియు, పిమ్మట లోభము ప్రవేశించి ధర్మము నశింపగా దండనీతి యావశ్యకమైనదనియు తెలిపెను. నేనీ పాఠమును చదివినప్పుడు ఆ ఘట్టమే నా మనస్సున మెదలినది. వల మొదట కొద్దిమంది పండితుల సొత్తు, ఒకరినొకరు ఎఱిగినవారు. తరువాత లోకమెల్ల దానిలో దిగినది. లోభమును వచ్చినది. తగ్గవలసిన వేళ తగ్గని ప్రోగ్రాములు పుట్టినవి. ఒక్క ఖాతాకు హద్దున్నదని పది ఖాతాలు తెఱచిన బేరగానివలె, ఒక్క పనికి పది దారులు తెఱచి పదింతలు లాగుకొను ఉపాయములును పుట్టినవి. అప్పుడు కూడళ్లయందు కొంత దండనీతి అవసరమైనది.

ఆ దండనీతిని విశ్వవిద్యాలయమున 'ట్రాఫిక్కు నియంత్రణ' మని బోధింతురు. దానిలో మొదటి పాఠము చిల్లికుండ. శివాలయమున లింగముపై వ్రేలాడు ధారాపాత్రను చూడుడు. భక్తుడు ఒక్కసారి బిందెడు నీరు గ్రుమ్మరించినను క్రిందికి దిగు ధార సన్నగా, సమముగా దిగును; పాత్ర నిండినపిమ్మట పోసినది పొరలిపోవును. ఎంత తొందరగా వచ్చిన ప్యాకెట్లనైనను ఒకే వేగమున సాగనంపు పద్ధతి యిదియే. రెండవది చీట్ల పద్ధతి. నిర్ణీతకాలమున కొకటి చొప్పున చీట్లు పోగగును. చీటి యున్నవానికే ప్రయాణము. కొంతసేపు ఊరకున్నవానికి చీట్లు మిగిలియుండును గనుక అవసరమైనప్పుడు అతడొక్కసారి కొంత వేగముగా పోవచ్చును. పొదుపు చేసికొన్నవానికి పండుగనాడు ఖర్చుపెట్టు హక్కు ఇచ్చినట్లు.

మూడవది ముందుగా హెచ్చరించుట. గది నిండి ప్యాకెట్లు పాఱవేయువఱకు ఊరకుండనేల? 1988 ప్రాంతమున కె. కె. రామకృష్ణన్, రాజ్ జైన్ అను ఇరువురు, రౌటరులో వరుస పెరుగుచుండగనే పోవుచున్న ప్యాకెట్టుపై 'ముందు రద్దీ' యని ఒక చిన్న గుర్తు వేయు పద్ధతిని ప్రతిపాదించిరి. ఆ భావమే 2001లో అంతర్జాలపు ప్రమాణములలోనికి ఎక్కినది. ఆ పత్రమును వ్రాసినవారిలో రామకృష్ణన్ గారు ఒకరు. 1989లో ఎస్. కేశవ్ మున్నగువారు వంతుల పద్ధతిని రౌటరునకు నేర్పిరి. ఒక్కొక్క ప్రవాహమునకు వేఱు వరుస పెట్టి, అన్నింటినుండియు వంతుగా తీసికొనుట దానిలోని పద్ధతి. ఎక్కువ త్రోసినవాని వరుస పొడవగును. తక్కువ అడిగినవాని పని ఆగదు. మన కాలువ వంతులకు ఇదియే తోబుట్టువు.

ఇచ్చట నొక హెచ్చరిక. గది పెద్దది చేసినచో రద్దీ పోవునని తోచును. కొన్నాళ్లు యంత్రములు చేయువారును అట్లే తలంచి, రౌటరులలో ప్యాకెట్లు నిలుచు చోటును పెంచుచు పోయిరి. ఫలితము విపరీతమైనది. ప్యాకెట్లు పోవుట తగ్గినది; నష్టము కనబడనందున పంపువారికి తగ్గవలెనను సూచన అందలేదు; వరుసలు మాత్రము చాంతాడంత యైనవి. 2010 ప్రాంతమున జిమ్ గెట్టిస్ అనునతడు ఈ జబ్బును లోకమునకు తెలిపెను. రేవున పాక పెద్దదిగా వేసినంతమాత్రమున పంటు త్వరగా రాదు గదా!

ఇంతవరకు చెప్పినది యంత్రముల న్యాయము. మనుష్యుల న్యాయమును కలదు. కొందఱి సరకు ఉచితముగను, తక్కినవారి సరకు ధర యిచ్చియు తెచ్చుకొనవలసిన యేర్పాటు తగునా యను వివాదము మన దేశమున 2015లో బయలుదేఱినది. ఆ యేడు ఏప్రిలులో పదిలక్షలకు మించిన ఉత్తరములు ఈ-మెయిలు ద్వారా టెలికాం నియంత్రణ సంస్థకు చేరినవి. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ఆ సంస్థ, సరకును బట్టి వేఱువేఱు ధరలు పెట్టరాదని నిబంధన చేసినది. రద్దీని నియమించుట వేఱు, రద్దీ పేర పక్షపాతము చేయుట వేఱు. ఈ భేదమును తెలియుటకు నిబంధనలు చదివిన చాలదు; వల యెట్లు పనిచేయునో తెలిసియుండవలెను. ఈ విద్య కంప్యూటరు పట్టభద్రులకే గాక పౌరులకును కావలసినదని నేననుటకు ఇదియొక కారణము.

ఇక మన పిల్లలు దీనిని ఎట్లు చదువుచున్నారో రెండు మాటలు. మనకు దగ్గఱనున్న కాకినాడ కళాశాల 1946లో పుట్టి, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున చేరి, 2008లో తానే విశ్వవిద్యాలయమైనది. మన జిల్లాలోని ఇంజనీరింగు కళాశాలలలో పెక్కింటికి పాఠ్యక్రమము అచ్చటినుండియే వచ్చును. టానెన్‌బామ్ మున్నగువారి పుస్తకములు దొడ్డవి, మంచివి. చిల్లికుండకును చీట్ల పద్ధతికిని భేదము వ్రాయుమని ప్రశ్న వచ్చును. పిల్లలు ఐదు భేదములు కంఠస్థము చేసి వ్రాయుదురు. దానిని నేను నిందింపను; కంఠస్థము చేయక మన అమరము నిలిచెడిది కాదు. కాని అమరమును కంఠస్థము చేసినవాడు కావ్యమును చదువుటకు చేసెను. ఈ పిల్లలు కావ్యము దగ్గఱకు పోకయే అమరముతో ఆగిపోవుచున్నారు.

కావ్యమన నేమి? రెండు పాత కంప్యూటరులను తీగతో కలిపి, ఒకదానినుండి మరియొకదానికి పెద్ద దస్త్రమును పంపుచు, అదే తీగపై మరియొకరు మాటలాడునప్పుడు ఆలస్యమెంత పెరిగినదో కొలిచి కాగితముపై వ్రాయుట. హద్దును పెంచి చూచుట, తగ్గించి చూచుట. రంపపు పండ్లవలె ఎక్కుచు పడుచునున్న గీతను తన కన్నులతో చూచుట. దీనికి కావలసిన ప్రోగ్రాములు ఉచితముగా లభించును. ఐ.ఐ.టి.ల ఆచార్యుల పాఠములను ఎన్.పి.టెల్. వారు ఖర్చులేకుండ అందఱికిని అందించుచున్నారు. ఒక్కసారి తన చేతితో కొలిచిన విద్యార్థికి ఐదు భేదములే గాక ఆఱవదియు తోచును.

కోనసీమకు ఈ విద్యతో మరియొక చుట్టఱికమున్నది. సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున 2016 డిసెంబరులో ఇంటింటికి ఫైబరు తీగ నిచ్చు రాష్ట్రప్రభుత్వ పథకము నాటి ముఖ్యమంత్రిగారిచే ఆరంభింపబడినది. నాటి ధర నెలకు 149 రూపాయలు. ఆ గ్రామమును ఆదర్శముగా తీర్చు ప్రయత్నమున పాలుగొన్న ఆచార్యుడు సోలమన్ డార్విన్ గారు బర్కిలీ విశ్వవిద్యాలయమువారు. 1986లో నాలుగువందల గజముల బాట కుప్పకూలినదే యూరనుకొంటిమో, ఆ యూరి విశ్వవిద్యాలయమే ముప్పదియేండ్లకు మన గోదావరి పాయ ఒడ్డునకు వచ్చినది. మరల 2022 మే నెలలో మన జిల్లాలో అంతర్జాలము కొన్ని దినములు నిలిపివేయబడినప్పుడు, ఇంటినుండి ఉద్యోగములు చేసికొను పిల్లలు పెట్టెలు చంకబెట్టుకొని ఏటి ఒడ్డులకును, పొరుగు జిల్లాలకును పోయి పని చేసికొనవలసి వచ్చినది. నీరువలె ఇదియు నేడు బ్రదుకుతెరువైనదని ఆనాడు అందఱికిని తెలిసినది.

కావున మన గ్రంథాలయపు సంగతికి వచ్చెదను. నేడు నిజముగా తేల్చుకొనవలసినది ఇదియే. మనకున్న అంతర్జాలపు లైను ఒక్కటి. సాయంకాలము ఆఱుగంటలైనచో ఉద్యోగపు దరఖాస్తు పంపు ఆడపిల్ల, దూరదేశమున నున్న తల్లితో మాటలాడు కుఱ్ఱవాడు, ధర కనుగొను కొబ్బరి రైతు, పరీక్షాఫలితము చూచు విద్యార్థి, సినిమా దించుకొను యువకుడు - అందఱును ఆ యొక్క లైనుమీదనే. ఒక్క సినిమా దిగుచుండగా తక్కినవారి తెఱలపై చక్రము తిరుగుచునేయుండును. గడువుతేదీ రాత్రి పండ్రెండు గంటలకు ముగియు దరఖాస్తునకు ఆ చక్రము యమచక్రము. లైను దండుగయని తీసివేయుదమని కొందఱు పెద్దలనిరి. హెచ్చు చందా యిచ్చువారికి హెచ్చు వేగమిత్తమని కొందఱు మిత్రులు సూచించిరి. రెండును సదుద్దేశముతో చెప్పినవే. రెండింటిని అంగీకరింపవలదని నా మనవి.

మొదటిది శివారు రైతు ఏడ్చుచున్నాడని కాలువను పూడ్చుట. రెండవది తలకట్టువానికి మరియొక తూము పెట్టుట. ఏలయనగా చందా హెచ్చుగా నీయగలవానికి ఇంటనే లైనున్నది. గ్రంథాలయమునకు వచ్చువాడు అది లేనివాడు. మనము పుస్తకములను చందా చూచి యిచ్చుచున్నామా? ఒక పాఠకుడు పది పుస్తకములు పట్టుకొనిపోయినచో తొమ్మండుగురు వట్టిచేతులతో పోవలసి వచ్చునని యెంచి, విడతకు ఇన్ని యని హద్దు పెట్టితిమి. లైనుకు గూడ ఆ నియమమే చాలును. రద్దీ లేనప్పుడు ఒక్కడే యున్నచో లైనంతయు వాడుకొననిండు. ఖాళీగా నున్న బాట ఎవరికిని పుణ్యము కాదు. రద్దీ యైనప్పుడు అందఱికిని సమానమైన వంతు. చిన్న వార్తలు పెద్ద దస్త్రముల వెనుక చిక్కుకొనకుండ ముందు పోవలెను. సినిమాలకు రాత్రి తొమ్మిది గంటల పిమ్మట వేళ.

ఇది కోరికగా చెప్పుట లేదు; చేయగల పనియే. కేశవ్ ప్రభృతుల వంతుల పద్ధతిని, పెద్ద గదులవలన వచ్చు ఆలస్యమును తగ్గించు పద్ధతిని కలిపి 'ఎఫ్‌క్యూ-కోడెల్' అను క్రమమును నిర్మించిరి. దాని పత్రము 2018లో వెలువడినది. దానిని నడుపు ఉచిత ప్రోగ్రాములు సామాన్యమైన రౌటరుపైనను పనిచేయును. కావలసినది ధనము గాదు, తెలిసిన చేయి. ఆ చేతులు ఈ సభలోనే యున్నవి. కాకినాడలోను, విశాఖలోను, హైదరాబాదులోను చదువుచున్న మన పిల్లలు ఈ సెలవులలో ఒక్క వారము గ్రంథాలయమున కూర్చుండి ఆ పనిని చేయవలెను. చేయుటకు ముందు ఆలస్యమెంత, చేసిన పిదప ఎంత యని కొలిచి, పట్టిక వ్రాసి గోడకు అంటింపవలెను. పరీక్షలో వచ్చిన మార్కులకంటె ఆ పట్టిక నాకెక్కువ సంతోషము నిచ్చును. ఆ కొలత పద్దును నేనే నా చేతివ్రాతతో గ్రంథాలయపు లెక్కల పుస్తకమున ఎక్కింతును.

యువకులారా! మీరు నేర్చుచున్న విద్యలో ప్యాకెట్లున్నవి, రౌటరులున్నవి, సూత్రములున్నవి. వాని యన్నిటి లోపల ఒక మాటయున్నది: అవతలివాడు కనబడకున్నను అతనికి చోటు విడువవలెను. ఆ మాట లోకమున పలు గ్రంథములలో నున్నది. కాని దానిని పాటింపనిచో బాటయే కూలిపోవునని కొలతతో చూపి, పాటించినచో అందఱికిని అందునని లెక్కతో చూపిన శాస్త్రమును నేర్చుకొనుట మీ భాగ్యము. పట్టముతోబాటు ఆ మాటను గూడ ఇంటికి తీసికొనిరండు.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ పుస్తకపు బీరువాలును, ఆ లైనును రెండును శివారువారివరకు అందుచుండవలెనని కోరుచు విరమించుచున్నాను.